ఎనిమిది కొమ్ముల రౌటర్

పెనుమూడి వాళ్లం రౌటర్ కోసం రేపల్లె వెళ్తాం. అక్కడ మనసు నిండకపోతే తెనాలి. ఎక్కడైనా మన ఎంపిక సూత్రం ఒకటే: యాంటెన్నాలు లెక్కపెట్టడం. నాలుగుంటే మంచిది, ఆరుంటే ఇంకా మంచిది, ఎనిమిదుంటే కొత్తల్లుడికి చూపించదగ్గది!

ఇంట్లో కంప్యూటర్ సంగతి ఎవరికీ పట్టదు. అందులోని పాత వైఫై కార్డుకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే తెలుసు. కొత్త రౌటర్ గొప్పంతా 5 గిగాహెర్ట్జ్‌లో ఉంది. కృష్ణకు రెండు వైపులా ఎంత వెడల్పు రోడ్డేసినా, పెనుమూడి-పులిగడ్డ వారధి తన వెడల్పే ఇస్తుంది కదా!

ఇంట్లోకొచ్చే నెట్ సంగతీ అంతే. 2017 డిసెంబరులో రాష్ట్రపతి ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ, ఫోన్ అన్నారు. ఆ పదిహేనును ఇంట్లో పంచడానికి వేల ఎంబీపీఎస్ పెట్టె కొన్నవాళ్ల చేతికి ఎముక లేదు.

ఇక ప్రతిష్ఠాపన. ఖరీదైన సరుకు కాబట్టి ఇనుప బీరువా వెనక! 5 గిగాహెర్ట్జ్‌కు గోడ దాటడమే కష్టం, ఇనుమంటే 2.4కూ హడలే. భద్రత డబ్ల్యూపీఏ3లో పెడితే పాత కంప్యూటర్ కలవదు. డబ్ల్యూపీఏ2 అక్కడే ఉన్నా, మనం ఏకంగా పాస్‌వర్డే తీసేస్తాం. వీధి వీధంతా సినిమాలు చూస్తుంది.

పెట్టెలో ల్యాన్ తీగ కూడా వచ్చింది. కంప్యూటర్‌కు గుచ్చితే పని అయిపోయేది. కానీ వైర్‌లెస్ కొన్నాక వైరు వాడితే పరువేం కాను?