ఎల్లకు బోయిన లారి: టీకా తాత్పర్య సహితము

ఆ.వె. ఎర్ర మిరప నెత్తి యెల్లకు బోయిన
లారి నిలిచె నేడు లైను తోక
సీలు పడక ముందె చీకటి పడెనయ్య
పొయ్యి వెలిగె నచట, పోదు రేయి

అవతారిక: గుంటూరు మిర్చితో బంగ్లాదేశ్‌కు బయలుదేరిన బండి, కోల్‌కతా దాటి జెస్సోర్ రోడ్డుపై సరిహద్దు చేరబోయి ఆగిన వైనమును కవి చెప్పుచున్నాడు.

టీక: మిరపన్ = తేజా రకమును; ఎత్తి = లోడు చేసికొని; ఎల్లకున్ = పెట్రాపోల్‌కు (ఆవలిది బెనాపోల్); లైను తోకన్ = బన్‌గావ్ పార్కింగులో చిట్టచివర; సీలు = కస్టమ్సు ముద్ర; చీకటి = స్పష్టము.

‘మిరప, నెత్తి’ అని విరిచి, డ్రైవరు నెత్తిన మిరప నూరినట్లున్నదని కొందరి వ్యాఖ్య. వ్యాకరణము ఒప్పదు, అనుభవము ఒప్పును.

తాత్పర్యము: బండి కదలలేదు.

విశేషములు: కారణములన్నియు ఉండియు కార్యము లేకుండుట విశేషోక్తి. జాతీయ రహదారి కలదు, డీజిలు కలదు, బిల్లులు కలవు, 2016లో తెరచిన సమీకృత చెక్‌పోస్టు కలదు, గమనము లేదు. ఆలంకారికులు ఇంతకన్న మంచి ఉదాహరణ చూపలేరు.

2020 జులైలో గుంటూరు చెంత రెడ్డిపాలెం నుండి 384 టన్నుల ఎండుమిర్చి పార్సెల్ రైలులో బెనాపోల్‌కు పోయినది. టన్నుకు రోడ్డున రూ.7,000, రైలున రూ.4,608 అని నాటి రైల్వే లెక్క. కావున ‘లారి’ యనుచోట ‘రైలు’ పాఠాంతరమని ఒక వాదము. గణము సరిపోవును గాని గుణము సరిపోదు. రైలులో పొయ్యి వెలిగించు క్లీనరు లేడు. అతడు లేక నాలుగవ పాదము నిలువదు.

జెస్సోర్ రోడ్డు పొడవున నూరేండ్లు దాటిన మహావృక్షములుండగా కవి ఏల వర్ణింపలేదని ఆక్షేపణ. వంతెనలకై 356 చెట్లు కొట్టుటకు 2023లో సుప్రీంకోర్టు సమ్మతించినది. అంతదాక ఏది మిగులునో తెలియక కవి ఊరకుండెను.

కవి కాలము: 2022లో పెట్రాపోల్‌లో లారీలకు ఆన్‌లైను స్లాటు పద్ధతి వచ్చినది; పద్యమున స్లాటు లేదు, లైనే కలదు. కనుక కవి తత్పూర్వుడు. స్లాటుకు మాత్రము లైనుండదా అని ప్రతివాదులు.

పోదు రేయి: హాల్టింగు చార్జీ ఎవరిచ్చెదరో తేలనందున.

ఇక పొయ్యి. దానిపై పప్పు ఉడుకుచున్నదని ఊహింపవలెను. టన్నులకొలది మిరప వెనుకనే ఉన్నది. బస్తా విప్పినచో తూకము బిల్లుతో కలియదు. కాబట్టి క్లీనరు కారప్పొడి పొట్లమునకై బన్‌గావ్ బజారుకు పోయెనని ధ్వని.