మూడు వేల వాట్ల డిక్కీ

హనుమకొండ చౌరస్తాలో రెడ్ సిగ్నల్ పడితే చాలు, ముందున్న కారు నంబర్ ప్లేటు గిలగిలా కొట్టుకుంటుంది. డిక్కీలో యాంప్లిఫయర్ 3000 వాట్లని అట్టపెట్టె చెబుతుంది. ఫ్యూజు మాత్రం 30 ఆంపియర్లది! 14 వోల్టులతో హెచ్చవేసినా 420 వాట్లే, అందులోనూ కొంత వేడికి పోతుంది. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే వాట్లు), ఓమ్‌లు (స్పీకర్ నిరోధం). 4 ఓమ్‌ల సబ్‌వూఫర్లు రెండింటిని ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు. తట్టుకోలేని యాంప్ చేతులెత్తేస్తుంది. చిన్న యాంప్ అయితే భద్రమే కదా అంటారు. కానీ దాని శక్తికి మించి వాల్యూమ్ తిప్పితే శబ్ద తరంగం తల తెగుతుంది, స్పీకర్ కాయిల్ మాడుతుంది. సరే, యాంప్‌కీ సబ్‌వూఫర్‌కీ జోడీ చక్కగా కుదిరిందనే అనుకుందాం. అయినా నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 డెసిబెల్సే అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అదే ఊళ్లోని సుబేదారిలో నిద్రపోయేవాళ్లను ఏ యాంప్‌తో జోడించాలో మెకానిక్కే చెప్పాలి.