గోదాము తెరకొక టీక

మూలము: స్టాకు 120, అలొకేటెడ్ 96, అవైలబుల్ 24, ఆర్డరు స్థితి: స్టేజ్డ్.

అవతారిక: మందుల గోదాములో గుమాస్తా కంప్యూటరు తెరపై ప్రతి యుదయమును వెలయు నీ పంక్తికి యతి లేదు, ప్రాస లేదు, క్రియ యసలే లేదు. అయినను, మెదకుసీమ కొల్చారమువాడైన మల్లినాథసూరి, మూలము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతినపట్టి కాళిదాసునకు వ్యాఖ్య సంతరించిన దేశమున, ఇంత గూఢార్థము గల వాక్యమును టీక లేక విడుచుట న్యాయము కాదని యీ పూనిక.

ప్రతిపదార్థము: స్టాకు = గోడలలోపల నున్నదని లెక్క యెరిగిన సరకు; అలొకేటెడ్ = అందులో నెవరికో మాటయిచ్చినది; అవైలబుల్ = మాటయియ్యక మిగిలినది; స్టేజ్డ్ = ర్యాకు దిగి, గుమ్మముకడ చేరి, లారీకై యెదురుచూచునది.

అన్వయము: తీసివేత యెరిగిన బడిపిల్లవానికిని సుగమము.

తాత్పర్యము: ఆగిన బస్సు కిటికీగుండ కండువా విసరి సీటు పట్టినవానికి ఆ సీటుపై నెట్టి హక్కో, కేటాయించిన పెట్టెపై ఆర్డరునకు నట్టి హక్కు: తాను కూర్చున్నది లేదు, మరియొకడు కూర్చుండరాదు. ఇందు రెండు తెగలు. ‘నలువది పెట్టెలు నీవి’ యని సంఖ్యమాత్రము చెప్పుట మెత్తని మాట. ‘ఫలానా ర్యాకులోని ఫలానా బ్యాచి నీది’ యని వ్రేలుపెట్టి చూపుట గట్టి మాట. మందులలో గడువు ముందు తీరు బ్యాచి ముందు బయలుదేరవలయును గనుక, గట్టిమాట తొందరపడి యిచ్చినచో, ఆర్డరు జాగుచేసినంతకాలము త్వరపడవలసిన బ్యాచియే కట్టుబడి కూర్చుండును.

శంక: ర్యాకులో లెక్కింప 80 పెట్టెలే యుండగా, తెర 120 యనుట యసత్యము కాదా? సమాధానము: తక్కిన 40 గుమ్మముకడ నున్నవి, లారీ కదలి, డిస్పాచి నమోదగువరకు లెక్క వానిని విడువదు. సీటెక్కి కూర్చున్నను, బస్సు కదలనంతవరకు ప్రయాణికుడు మన యూరివాడే.

మరియొక శంక: 30 పెట్టెలడిగిన చిన్న దుకాణదారుని, ఇంత సరకు కన్నులయెదుట నుండగా, ‘ఇరువదినాలుగే’ యని త్రిప్పిపంపుట ధర్మమా? సమాధానము: ర్యాకునందే యున్న తక్కిన 56 పెట్టెలును ఒక పెద్ద ఆర్డరునకు కట్టుబడినవి, అదియో, తనకు రావలసిన దగ్గుమందొకటి రాలేదని, అన్నియు కూడిననేగాని కదలనని భీష్మించుకొనియున్నది. అనగా కండువా వేసి కాఫీహోటలునకు పోయిన పెద్దమనిషి. ముందు వేసినవానిదే సీటని కొందరు సమర్థింతురు, నాకది రుచింపదు. వేళకు రానివాని కండువాను తీసి ప్రక్కన బెట్టు నధికారము కండక్టరునకుండవలయును, కేటాయింపును విప్పు మీట గుమాస్తా చేతికందవలయును.

విశేషము: చివర దిగవలసిన సరకు లారీలోనికి ముందెక్కవలయును గనుక, గుమ్మముకడ వరుస ఊళ్ల వరుసకు విలోమముగా నుండును. ఇది యెరుగక పేర్చిన దినమున హమాలీల భాషకు టీక వ్రాయుట నావలన కాదు.

సరకు కన్నులయెదుట నుండియు లేదనుటచే అలంకారము విరోధాభాసము. ఇక ధ్వని. ‘సిస్టంలో ఉందండీ’ యని గుమాస్తా పలికినప్పుడు వాచ్యార్థము, సరకు కలదని. వ్యంగ్యార్థము, మూలము లేనిది వ్రాయబడినదని. సహృదయుడైన యజమాని ఆ మాట విని, మారుపలుకక, టార్చిలైటు పుచ్చుకొని ర్యాకులవైపు నడచును.