“పట్టా కప్పు” సూత్రానికి సత్తువాచారి వ్యాఖ్య

మూలం: “ఒరే, పట్టా కప్పు, కింద చెక్కలెయ్యి, కాలవ తియ్యి.”

అవతారిక: వేలూరులోని సత్తువాచారిలో ఇల్లు కట్టేచోట మబ్బు కమ్మగానే మేస్త్రి నోట వెలువడే సూత్రమిది. ఇంతమాత్రానికి వ్యాఖ్య ఎందుకని అనరాదు. వ్యాఖ్యానానికి వేలూరు పరాయి ఊరు కాదు. 16వ శతాబ్దిలో అప్పయ్య దీక్షితులు శ్రీకంఠభాష్యానికి శివార్కమణిదీపిక రాస్తే ఇక్కడి చిన్నబొమ్మ నాయకుడు కనకాభిషేకం చేశాడు. (ప్రస్తుత వ్యాఖ్యాతకు టీ చాలు.) మేస్త్రి తన కంగారు నడిపిన వరసలో పలికాడు: కంటికి ఆనింది పైనున్న మబ్బు గనక పట్టా (టార్పాలిన్) ముందొచ్చింది. కార్యకారణాలు చూసి అన్వయిస్తే మాటలు తలకిందులవుతాయి. ముందు కాలవ, ఆపైన చెక్క, చివర పట్టా. ఈ టీకంతా ఆ అన్వయాన్ని నిలబెట్టడానికే.

ప్రమాణం సిమెంటు బస్తాయే. యాభై కిలోల బస్తాలను నేలమీదే పేర్చి, పైన నీలం పట్టా తాళ్లతో బిగించి, నాలుగు వానల తర్వాత విప్పి చూడండి: పై వరస పొడిగానే ఉంటుంది, అడుగు వరస అంచులు వేలితో నొక్కితే విరగని గడ్డలై ఉంటాయి. పట్టా మీద జారిన నీరు ఎక్కడికీ పోలేదు, చుట్టూ ఇంకి అడుగుకే చేరింది. నేల చెమ్మ ఆవిరై పైకి లేచి, పట్టా లోపలి వైపు చుక్కలు కట్టి, తిరిగి బస్తాల మీదే రాలింది. అందుకే భారతీయ ప్రమాణం బస్తాలను నేలకు 150 నుంచి 200 మిల్లీమీటర్ల ఎత్తున పలకల మీద, గోడకు ఎడంగా, పది వరసలు మించకుండా పేర్చమంటుంది. ఇసుక మోసం ఇంకా సూక్ష్మం. కొంచెం తడిస్తే అది ఉబ్బి పావు వంతుకు పైగా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. తట్టల లెక్కన కొలిచేవాడు లెక్క సరిగ్గా వేసి కూడా ఇసుక తక్కువ కలుపుతాడు.

పూర్వపక్షం: పాలారులో ఎప్పుడు చూసినా ఇసుకే, నీళ్లు లేని నది అని వేలూరు మీద పాత ఎగతాళి కూడా ఉంది, కాలవ కూలి దండగ కాదా? సమాధానం: 2021 నవంబరు. ఈశాన్య రుతుపవనం విరుచుకుపడి పాలారు పారింది, గుడియాత్తంలో కౌండిన్య నది ఇళ్ల మధ్యకొచ్చింది, వేలూరు కోట కందకం నిండి జలకంఠేశ్వరుడి గుడిలోకి నీరు చేరింది. ఆ స్వామి 1981లో కోటకు తిరిగి వెళ్లేదాకా ఉన్నది సత్తువాచారిలోనే గనక ఈ దృష్టాంతం మనకు స్థానికం. గుడికి కప్పు లేక కాదు నీరొచ్చింది; వచ్చినంత వేగంగా పోయే దారి లేక. ఒకవైపు గుట్టలు, మరోవైపు నది ఉన్న ఊళ్లో మన స్థలంలో పడిన వాన ఒక్కటే మన వాన కాదు, ఎగువ వీధిదీ మనదే. పునాది గుంత తవ్వాక ఆ నీటికి అంతకంటే పల్లం ఇంకేం దొరుకుతుంది?

మరో పూర్వపక్షం బలమైనది: కాంక్రీటుకు నీళ్లే ప్రాణం, కనీసం ఏడు రోజులు తడపమంటారు, వాన పడితే మేలే కదా? గట్టిపడిన స్లాబుకు మేలే. పోసిన గంటకే పడితే మాత్రం పైపొర సిమెంటు పాలను కడిగేసి, మిగిలినదాన్ని పలచన చేసి, దుమ్ము రాలే నేలను మిగులుస్తుంది. ఆ కొద్ది గంటలే పట్టాకు నిజమైన ఉద్యోగం. మూడో స్థానానికి దించినా దాన్ని కొట్టిపారెయ్యలేదన్నమాట.

పాఠాంతరం: కొందరు “కాలవ తియ్యి” అన్నచోట “మోటారు పెట్టు” అని చదువుతారు. గుంతలోంచి తోడిన నీరు పక్కవాడి గోడ మొదట్లో పడుతుంది, కాసేపటికి తిరిగి గుంతకే వస్తుంది. పైగా కరెంటు పోయేది సరిగ్గా ఆ వానలోనే గనక ఈ పాఠం గ్రాహ్యం కాదు.