దారి చూపే దొరా, దండం!

ఫోన్‌లో మా జాడ పట్టి దారి చూపే యాప్ దొరా, ముందుగా నీకు దండం. ఊరుకాని ఊళ్లో దిగినవాణ్ణి చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దిగబెడతావు. అర్ధరాత్రి అంబులెన్స్‌కు సందు చూపిస్తావు. కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు వెతుక్కునే కుర్రాడికీ, డాలస్‌లో మనవణ్ణి బడి నుంచి తీసుకురావడానికి బయల్దేరిన అమ్మమ్మకూ నీవే దిక్కు. ఈ మేలు మరిచిపోయేవాణ్ణి కాను. అందుకే నీ గుణాలు ఒక్కొక్కటిగా కీర్తిస్తాను. ఒక్క మాటా కల్పించి చెప్పను.

నీవు సర్వజ్ఞుడివి. పూర్వం మనిషి ఆనవాలు పట్టాలంటే ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు అడిగేవారు. నీకవేవీ అక్కర్లేదు. ఒక ఐరోపా దేశంలో 15 లక్షల మంది ఫోన్ల జాడను, పేర్లు తీసేసి, పరిశోధకులు 15 నెలల మేర పరిశీలించి 2013లో ప్రకటించారు. ఏ గంటకు ఎక్కడ ఉన్నాడన్నది నాలుగుసార్లు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని గుంపులోంచి విడిగా గుర్తుపట్టవచ్చని తేలింది. రాత్రి ఫోను ఎక్కడుంటే అది ఇల్లు, పగలు ఎక్కడుంటే అది కొలువు. వారానికి మూడుసార్లు డయాలసిస్ కేంద్రం దగ్గర ఆగితే అది జబ్బు. కొట్టే మొగుడి నుంచి పారిపోయి తలదాచుకున్న ఆడమనిషికి మ్యాపు మీది ఆ చుక్కే ప్రాణగండం. పేర్లు తీసేశామని నీవిచ్చే అభయం, మొహానికి ముసుగు వేసి వీపున చిరునామా రాసి పంపినట్టు ఉంటుంది.

నీ జ్ఞాపకశక్తి గొప్పది. గుర్తుపెట్టుకోవద్దని చెప్పినా మరిచిపోవు. మీలో పెద్దవాడైన గూగుల్, లొకేషన్ హిస్టరీ ఆపేసినవారి జాడను కూడా వేరే సెట్టింగు ద్వారా దాచిపెడుతున్న సంగతిని 2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బయటపెట్టింది. దానిపై వచ్చిన తగవు తీర్చుకోవడానికి 2022 నవంబరులో గూగుల్ అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఒక తలుపు మూయించుకున్నవాడికి రెండో తలుపు ఉందన్న సంగతి చెప్పకపోవడమే అక్కడి తగవు.

నీ దాతృత్వానికి సాటి లేదు. అడిగినవారికి లేదనవు. చీకట్లో వెలుతురు కోసం పెట్టుకున్న టార్చ్ యాప్ ఒకటి వాడేవారి జాడను ప్రకటనల సంస్థలకు చేరవేసిందని 2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తప్పుపట్టింది. నమాజు వేళలూ ఖిబ్లా దిక్కూ తెలుసుకోవడానికి కోట్లమంది పెట్టుకున్న యాప్ నుంచి జాడలు ఎక్స్-మోడ్ అనే డేటా బ్రోకరుకు చేరాయనీ, ఆ బ్రోకరు కొనుగోలుదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారనీ 2020లో పత్రికలు రాశాయి. దేవుడి దిక్కు అడిగినవాడు తన దిక్కు అమ్ముడుపోతోందని ఎలా ఊహిస్తాడు? కర్ణుడు తన కవచం కోసి ఇచ్చాడు. నీవు మా కవచం కోసి ఇస్తున్నావు.

ఇక నీ జాగ్రత్త చూస్తే చేతులెత్తి మొక్కాలి. వీధి వీధీ తిరిగి కూర్చుకున్న మ్యాపులు, దుకాణాల జాబితాలు, ట్రాఫిక్ లెక్కలు నీ సొత్తు. ఎవడైనా వరసగా ప్రశ్నలు వేసి ఆ గాదె మొత్తం తోడుకుపోతాడేమోనని తాళాలు వేస్తావు. రోజుకిన్ని ప్రశ్నలేనని కొలత పెడతావు. అడిగేది మనిషా, యంత్రమా అని పరీక్షిస్తావు. ఒప్పందాలు రాయించుకుంటావు. ఇది నీ హక్కు. కష్టపడి కూర్చినవాడు కాపాడుకోవాలి. అయితే, అడగకుండా తీసుకుపోతే కలిగే నష్టం నీకు ఇంత బాగా తెలిసినప్పుడు, మా అడుగుల లెక్కకు ఒక్క గొళ్లెమైనా పెట్టవేం?

చేతకాక కాదు. నీ విద్య అపారం. ఏ పుట తెరిచామో గ్రంథాలయం వాళ్లకు తెలియకుండానే ఆ పుట చదివే గణితం 1995లోనే పుట్టింది. అడిగిన పుట తప్ప పక్క పుట పాఠకుడి కంట పడకుండా 1998లో దానికి మెరుగులు దిద్దారు. అంటే, అడిగేవాడి గుట్టూ చెప్పేవాడి సొత్తూ రెండూ ఒకేసారి కాపాడవచ్చన్నమాట. మనిషిని ఒక్క చుక్కగా కాక, ఇంకొందరు కూడా ఉన్న పేటగా చూపించి సేవ పొందే ఉపాయాన్ని 2003లో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు చెప్పారు. పుట గుట్టు దాచే ఆ గణితంలో లెక్కల భారం ఎక్కువన్నది నిజమే. కానీ లొకేషన్ హిస్టరీ జాడలను తన సర్వర్లలో కాక వాడేవారి ఫోన్‌లోనే ఉంచుతానని 2023 డిసెంబరులో గూగులే ప్రకటించింది. తలచుకుంటే చేయగలరని అదే చెబుతోంది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. బెయిలు మీద వెళ్లేవాడు తన గూగుల్ లొకేషన్‌ను పోలీసులకు ఎప్పుడూ చూపుతుండాలన్న షరతు చెల్లదని 2024 జులైలో అదే కోర్టు తేల్చింది. నేరారోపణ ఉన్నవాడి అడుగులకే ఆ మర్యాద ఉంటే, ఏ తప్పూ చేయకుండా బిర్యానీ హోటలు ఎక్కడని అడిగినవాడికి ఎంత ఉండాలి?

నా విన్నపం చిన్నది. హోటలు వెతకడానికి పేట తెలిస్తే చాలు, గడప దాకా రాకు. దారి చూపడం అయిపోగానే జాడ చెరిపెయ్యి. వద్దన్నదాన్ని ఒక్కచోట కాదు, అన్నిచోట్లా వద్దనే లెక్కించు. నీ గాదెకు వేసిన తాళంలాంటిదే మా గడపకూ వెయ్యి.

మా పల్లెల్లో రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయనను దారి అడిగితే, లేచి నాలుగడుగులు వచ్చి, మలుపు చూపించి వెనక్కి వెళ్లిపోయేవాడు. ఎవరింటికి వచ్చామో ఊరంతా చాటేవాడు కాదు. నీవూ అలా మలుపు దగ్గర ఆగిన రోజున మళ్లీ ఇలాగే దండం పెడతాను. ఆనాటి స్తుతిలో నింద ఉండదు.