రారాజు గారి బ్యాటరీ

కారు కొని గరాజులో పెట్టి తలుపు దించేస్తే ఇక కొన్నట్టేముంది? నలుగురూ చూడాలి. మీ మనసులోనూ ఇదే ఉంటుంది, పైకి ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. నేను ఒప్పేసుకుంటున్నాను. మిన్నెసోటా చలికాలంలో, రెండు కార్లు పట్టే గరాజు పెట్టుకుని కూడా, నా నల్ల జర్మన్ కారును బయట డ్రైవ్‌వేలో నిలబెట్టింది అందుకే. లోపల మా ఆవిడ పాత జపాన్ కారు, దాని పక్కన సోనామసూరి బస్తాలు, వినాయక చవితి మంటపం సామాను. అవన్నీ వెచ్చగానే ఉండేవి.

కారు పాతదే, కాకపోతే మొదటి యజమాని ముద్దుగా చూసుకున్నది. డల్లాస్‌లో మా తోడల్లుడు చూసిపెడితే విమానంలో వెళ్లి కొని, తోలుకుంటూ వచ్చాను. దారి పొడవునా పెట్రోలు బంకుల్లో ఎవరైనా దానివంక చూస్తున్నారేమోనని నేను చూస్తూ వచ్చాను. ఇంటికి రాగానే అదనంగా డబ్బు కట్టి నంబరు ప్లేటు మీద 'రారాజు' అని రాయించాను. మా ఆవిడ ప్లేటు చదివి, "భారతంలో రారాజంటే ఎవరో గుర్తుందా అండీ?" అంది. సుయోధనుడంతటి అభిమానధనుడు ఇంకెవరున్నారని వాదించాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వును కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది.

అక్టోబరులో చక్రాలు మార్పించడానికి వెళ్తే, షాపులో కుర్రాడు ఏదో మీటరు పెట్టి చూసి, బ్యాటరీ పని అయిపోవచ్చింది, చలి ముదిరేలోపు మార్చుకోమన్నాడు. పల్నాడులో రెంటచింతల ఎండలు తిని పెరిగినవాణ్ణి, నాకు చెవిలో పువ్వు పెడతావా అనుకున్నాను. అంతదూరం టెక్సస్ నుంచి తుమ్ము కూడా లేకుండా వచ్చిన కారు కదా! కానీ అసలు ముప్పు ఆ టెక్సస్‌లోనే ఉందట. బ్యాటరీని లోపల్లోపల తినేసేది ఎండ. చలి చేసేదల్లా ఆ సంగతి బయటపెట్టడం. ఇది నాకు తర్వాత తెలిసింది. మీరు నాకంటే ముందే తెలుసుకుంటున్నారు, అదృష్టవంతులు.

బ్యాటరీకి పెట్టని డబ్బు దేనికి పెట్టానో చెబితే మీరు నన్ను క్షమించాలి. తలుపు తీయగానే నేల మీద సింహం బొమ్మ పడే దీపాలు నాలుగు తలుపులకీ వేయించాను. కారు ఆపి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసే కెమెరా ఒకటి అద్దానికి తగిలించాను. దొంగల కోసమని ఇంట్లో చెప్పాను. నిజానికి దారినపోయేవాళ్లు ఎవరెవరు ఆగి కారును చూస్తున్నారో సాయంత్రం కూర్చుని చూసుకోవడానికి. ఎక్కువగా ఉడతలు చూసేవి. ఆ కెమెరా పగలూ రాత్రీ బ్యాటరీని కొంచెం కొంచెం పీల్చుకుంటూనే ఉంది. కంటికి కనిపించే సింహానికి డబ్బిస్తాను గానీ బానెట్ కింద ఎవరికీ కనిపించని నల్ల డబ్బాకి ఎందుకిస్తాను? మా వంశంలోనే లేదు. మా తాతగారు వీధివైపు గోడకి ఏటా సున్నం కొట్టించి, వంటింటి కప్పు కారుతుంటే గిన్నెలు పెట్టించేవారు.

సంక్రాంతికి మేపుల్ గ్రోవ్ గుడి దగ్గర మనవాళ్లు కలిసినప్పుడు, అరిసె చేత్తో పట్టుకుని గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. చలికి తట్టుకునే కారంటే జర్మన్ కారే అన్నాను. నాలుగు చక్రాలకీ శక్తి అందుతుంది కాబట్టి మంచు నన్నేమీ చేయలేదన్నాను. నాలుగు చక్రాలు తిరగాలంటే ముందు ఇంజను తిరగాలని అక్కడ ఒక్కరైనా అనలేదు. పాపం, పండగపూట ఎందుకులే అనుకుని ఉంటారు.

ఆ నెలాఖరులోనే ఉత్తర ధ్రువం గాలి మా మీద పడింది. 2019 జనవరి 30, బుధవారం. మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారన్‌హీట్, మన లెక్కలో మైనస్ 33. ఎండకీ వానకీ ఆగని అమెరికా తపాలా శాఖ కూడా ఆ రోజు మా రాష్ట్రంలో ఉత్తరాలు పంచలేమని చేతులెత్తేసింది. అలాంటి వారంలో మా తోడల్లుడు ఆఫీసు పని మీద డల్లాస్ నుంచి వచ్చి మా ఇంట్లో దిగాడు. నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు, "అన్నయ్యా" అని తప్ప పిలవడు. అందుకే అతని ముందు నాకు మరీ ఎక్కువైపోతుంది.

ముందురోజు రాత్రి భోజనాల దగ్గర అతను, "టీవీలో విండ్ చిల్ మైనస్ యాభై దాటుతుందంటున్నారు, పొద్దున విమానాశ్రయానికి ట్యాక్సీ చెప్పుకోనా అన్నయ్యా?" అన్నాడు. ట్యాక్సీ! నా కారు వాకిట్లో ఉండగా! విండ్ చిల్ అనేది మనిషి ఒంటికే గాని కారుకి కాదు, గాలి ఎంత కొట్టినా ఇనుము బయట ఉన్న ఉష్ణోగ్రత కంటే చల్లబడదు, కాకపోతే త్వరగా చల్లబడుతుంది, అంతే అని బల్లగుద్ది చెప్పాను. ఆ చలికాలం మొత్తంలో నేను మాట్లాడిన నిజం అదొక్కటే, అదీ ఎందుకూ పనికిరానిది. ఉన్న ఉష్ణోగ్రతే మైనస్ 33 అయినప్పుడు అంతకంటే తగ్గకపోతే ఎంత, తగ్గితే ఎంత!

అప్పుడే తలుపు తట్టింది పక్కింటి పెద్దావిడ. స్కూలు బస్సు నడిపి రిటైరయిన మనిషి. ఆవిడ పాత పికప్ ట్రక్కు ముక్కులోంచి ఎప్పుడూ ఒక ప్లగ్గు వేలాడుతుంటుంది. ఆ ప్లగ్గును చూసి నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. "ఈ రాత్రికి కారు లోపల పెట్టుకో బాబూ" అంది. ఫర్వాలేదండీ, జర్మన్ ఇంజనీరింగ్ అన్నాను. "ఊఫ్ దా" అని వెళ్లిపోయింది. మిన్నెసోటావాళ్లు ఆ మాట అన్నారంటే జాలి అయినా కావచ్చు, నడుం నొప్పి అయినా కావచ్చు. నేను నడుం నొప్పే అనుకున్నాను.

ఆ రాత్రి నేను ముసుగు తన్ని పడుకుంటే బయట జరిగింది ఇది. బ్యాటరీలో కరెంటు పుట్టేది రసాయన చర్య వల్ల, చలికి ఆ చర్య నీరసిస్తుంది. అమెరికా మోటారు వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ లెక్క ప్రకారం నీళ్లు గడ్డకట్టే చలికే బ్యాటరీ బలం 35 శాతం పోతుంది, సున్నా ఫారన్‌హీట్‌కి 60 శాతం. మేము సున్నాకి ఇంకో 28 కింద ఉన్నాం. అటు బలం తగ్గుతుంటే ఇటు ఇంజను తిప్పడానికి కావలసిన బలం పెరుగుతుంది, ఎందుకంటే ఆయిలు చిక్కబడుతుంది. జనవరిలో సీసాలోంచి కొబ్బరినూనె ఎలా రాదో, అడుగున కూర్చున్న ఆయిలు అలా పైకి రాదు. డబ్బా మీద 0డబ్ల్యూ, 5డబ్ల్యూ అని ఉండే అంకె ఈ చలి కోసమే, అది ఎంత తక్కువైతే అంత పలచన. నా కారులో ఉన్నది టెక్సస్ ఆసామి తన ఎండకి చూసుకుని పోయించినది. అసలు మార్చాలన్న ఆలోచనే రాలేదు, ఆయిలు ఎవరికి కనిపిస్తుంది కనక?

తెల్లవారుజామున తోలు జాకెట్టు వేసుకుని బయటికి వెళ్లాను. దళసరి పార్కా కోటు వేసుకుంటే ఆ కారు పక్కన బాగుండదు. రిమోట్ నొక్కాను. తలుపు తెరుచుకోలేదు, నేల మీద సింహం పడలేదు. అనుమానం అక్కడే రావలసింది. రిమోట్‌లో దాచిన తాళంచెవి తీసి దూర్చితే తాళం గడ్డకట్టి ఉంది. లోపలికి పరిగెత్తాను, కెటిల్‌లో నీళ్లు మరిగించాను, మా ఆవిడ "ఏమండీ, వద్దండీ" అంటుండగానే తెచ్చి తలుపు మీద కుమ్మరించాను, తలుపు తెరుచుకుంది, చూశావా అన్నట్టు వెనక్కి చూశాను, కూర్చున్నాను, సీటు బండరాయి, బటన్ నొక్కాను, టిక్ అంది. మళ్లీ నొక్కాను. ఈసారి టిక్ కూడా లేదు. తోడల్లుడు సూట్‌కేసు పట్టుకుని వాకిట్లో నిలబడి "ఏమైంది అన్నయ్యా?" అంటున్నాడు, జర్మన్ కారు కదా కాస్త ఆలోచిస్తుంది అంటున్నాను, జంపర్ కేబుల్స్ కోసం గబుక్కున దిగాను, నేను పోసిన వేడి నీళ్లు అప్పటికే నా కాళ్ల కింద గచ్చు మీద గాజుపలకై కూర్చున్నాయి, రెండు కాళ్లూ గాల్లోకి లేచాయి, నడుము రారాజు అన్న ప్లేటుకి కొట్టుకుంది. గుమ్మంలోంచి నవ్వు వినిపించింది.

మయసభ అని నేను వేరే చెప్పాలా? ద్రౌపది కూడా అంత నవ్వి ఉండదు.

లేచాను. ఇంకా బుద్ధి రాలేదు. దాని బ్యాటరీ నుంచి కరెంటు అందుకుందామని మా ఆవిడ కారును బయటికి తీయించి, నా కారు బానెట్ ఎత్తి, ఎర్ర క్లిప్పు బ్యాటరీకి తగిలించబోతుంటే "ఆగు!" అని ఒక్క కేక. పక్కింటి పెద్దావిడ, నైట్ గౌను మీద పార్కా, చేతిలో టార్చి. బ్యాటరీ పక్కలు చూపించింది. ఉబ్బి ఉన్నాయి. నిండా చార్జి ఉన్న బ్యాటరీ ఇంత చలికి కూడా గడ్డకట్టదట. చార్జి అడుగంటినదాంట్లో ఆమ్లం పలచబడి దాదాపు నీళ్లే మిగులుతాయి, అవి గడ్డకడతాయి. గడ్డకట్టినదానికి కేబుల్ తగిలిస్తే పేలిపోవచ్చు. "అద్దానికి ఆ కెమెరా ఎందుకు?" అని అడిగింది. చెప్పలేకపోయాను. ఉడతల సంగతి ఆవిడకి ఎలా చెప్పను?

కిందటి ఏడాదే కొత్త బ్యాటరీ వేయించుకుని, రాత్రంతా గరాజులో వెచ్చగా పడుకున్న జపాన్ కారు మాత్రం అన్నిటికీ సిద్ధంగా గుర్రుమంటూ నిలబడింది. మా ఆవిడ స్టీరింగ్ దగ్గర. ముందు సీటులో తోడల్లుడు, మర్యాదకి నేనే కూర్చోమన్నాను. వెనక సీటులో సూట్‌కేసు పక్కన, నొప్పెడుతున్న నడుముతో, నేను. దారిలో ఎవరూ మాట్లాడలేదు. చివరికి అతనే నా పరువు నిలబెడదామని, "అయినా డల్లాస్‌లో చాలా బాగా నడిచేది అన్నయ్యా" అన్నాడు. ఆ మాటకి స్టీరింగ్ కొంచెం ఊగింది, ఆవిడ నవ్వు ఆపుకోలేక.

కొత్త బ్యాటరీ అదే షాపులో అదే కుర్రాడి చేత వేయించుకున్నాను. వాడు ఏమీ అనలేదు, అనుంటే బాగుండేది. దాని మీద రాసి ఉండే సీసీఏ అంకె సంగతి కూడా వాడే చెప్పాడు. మైనస్ 18 సెల్సియస్‌లో 30 సెకన్లపాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే అంకె. అప్పటినుంచి నాకు ఆ అంకె పిచ్చి పట్టింది, ఉగాది విందులో పచ్చడి వడ్డిస్తున్న పెద్దాయన్ని ఆపి మరీ మీ సీసీఏ ఎంత అని అడిగాను. బీపీ అనుకుని చెప్పారు.

పక్కింటావిడ ప్లగ్గు రహస్యం కూడా అప్పుడే తెలిసింది. అది ఇంజను హీటర్, రాత్రి కరెంటుకి తగిలిస్తే ఇంజను వెచ్చగా ఉండి పొద్దున మారుమాట్లాడకుండా తిరుగుతుంది. పక్క రాష్ట్రం నార్త్ డకోటాలో గ్రాండ్ ఫోర్క్స్ ఊరివాడు ఆండ్రూ ఫ్రీమన్ ఇలాంటిదానికి 1949లోనే పేటెంటు తీసుకున్నాడు. నేను వెంటనే వేయించాను. ఇప్పుడైనా కారు లోపల పెట్టొచ్చుగా అంది మా ఆవిడ. లోపల పెడితే ముక్కులోంచి వేలాడే ప్లగ్గు ఎవరికి కనిపిస్తుంది? అసలు సిసలు మిన్నెసోటావాడికి అదే కదా గుర్తు!

హీటర్ పెట్టిన మొదటి పొద్దున కారు ఒక్క నొక్కుకే లేచింది. ఛాతీ ఉబ్బించుకుని ఆఫీసుకి బయల్దేరాను. సందు చివర ఒకాయన హారన్ కొట్టాడు, చెయ్యి ఊపాను. సిగ్నల్ దగ్గర స్కూలు బస్సులో పిల్లలందరూ కిటికీలకి మొహాలు ఆనించి నావంకే చూశారు, వాళ్లకీ చెయ్యి ఊపాను. ఇంతకాలానికి కారుని గుర్తించారు జనం అనుకున్నాను. ఆఫీసు పార్కింగులో సెక్యూరిటీ అతను నెమ్మదిగా నడిచివచ్చి కారు కిందకి వేలు చూపించాడు. ముక్కులోంచి వెనకదాకా ఈడ్చుకొచ్చిన నారింజ రంగు తీగ, దాని చివర మా గరాజు గోడలోంచి ఊడివచ్చిన ప్లగ్గు డబ్బా, రెండు స్క్రూలతో సహా.