నా మూత కనబడిందా?

నేను స్టీలు డబ్బాని. అరకిలో కందిపప్పు పడతాను. నా మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలున్నాయి: 'గృహప్రవేశం, తెనాలి, 12-6-1994'. ఇచ్చినవాళ్ళ పేరు కూడా ఉండేది. ముప్పై ఏళ్ళ పీచుకి అరిగిపోయింది. ఎవరి గృహప్రవేశమో ఇప్పుడు అమ్మమ్మగారికే గుర్తులేదు. పోపుల డబ్బా పక్కన ఇంగువ వాసన పీలుస్తూ బతికేసినదాన్ని, విమానం ఎక్కుతానని ఏనాడూ అనుకోలేదు.

ఎక్కించింది ఆవిడే. కూతురు 20 నెలల పిల్లాణ్ణి వేసుకుని ఒక్కతే డాలస్ వెళుతోంది. శంషాబాద్ నుంచి దోహాకి సుమారు 4 గంటలు, అక్కడ మారి మళ్ళీ దాదాపు 16. రెండేళ్ళు నిండలేదు కాబట్టి వాడి టికెట్టు పదోవంతే, సీటు మాత్రం లేదు. అమ్మ ఒడే సీటు. గోడకి తగిలించే ఉయ్యాల అడిగితే, వీడి బరువుకి అది ఆగదన్నారు.

సంచీ నిండా కొత్త సరుకు. నొక్కితే కూసే పుస్తకం, కీ ఇచ్చే కారు, అంటించి పీకే బొమ్మలు, పాటలు నింపిన టాబ్లెట్. వాటి మధ్య నన్ను దూర్చి, అమ్మమ్మ మరమరాలు పోసి గుప్పెడు పల్లీలు కలిపింది. కూతురు కూర్చుని పల్లీలన్నీ ఏరేసింది. గొంతుకి అడ్డం పడితే ఆకాశంలో ఎవరిని పిలుస్తామని ఆమె బాధ. నిన్ను పల్లీలు పెట్టే పెంచానని ఈవిడ అలక. ఇంతలో ఫోనులో ఓ పిన్నిగారి సలహా: "కాస్త జలుబు మందు పట్టవే, పడి నిద్రపోతాడు." పిల్లల డాక్టరు ససేమిరా అన్నాడట. రెండేళ్ళలోపు వాళ్ళకి అవి పట్టకూడదు, పైగా కొందరికి నిద్ర రాకపోగా వెర్రి హుషారొస్తుంది. పిన్నిగారు సాయానికి రారు కదా, చెప్పడానికేం!

ఎయిర్‌పోర్టులో నా మూత తీయించారు. మరమరాలు చూసి సెక్యూరిటీ అమ్మాయి నవ్వింది.

దోహా దాటాక అసలు కథ. కారు పావుగంట ఆడింది. కూసే పుస్తకం, పక్కసీటాయన మొహం చిట్లించేదాకా. టాబ్లెట్ గంటసేపు, తర్వాత దాన్నీ విసిరాడు. అప్పుడు బయటికొచ్చాను నేను.

మూత తీశాడు. పెట్టాడు. మళ్ళీ తీశాడు. పెట్టినప్పుడల్లా 'టక్'మంటే వాళ్ళమ్మ వంక చూశాడు. తర్వాత నాలుక బయటపెట్టి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్కటంటే ఒక్క మరమరం పైకెత్తాడు. నోటిదాకా వెళ్ళేసరికి అది జారిపోయింది. మళ్ళీ ఇంకోటి. సగం వాడి కడుపులోకి, సగం వాళ్ళమ్మ చున్నీలోకి పోయేసరికి ముప్పావుగంట గడిచింది. ఖాళీ అయ్యాక ఆట ఇంకా బాగుంది. చెంచా, జుట్టు క్లిప్పు, బోర్డింగ్ పాస్, ఒక సాక్సు నాలో వేయడం, కుమ్మరించడం. ఆ ఈడు పిల్లలకి అంతకు మించిన ఉద్యోగం లేదు. వంటింట్లో కూర్చుని రెండు తరాల పిల్లల్ని చూశాను.

దీపాలార్పి అందరూ పడుకున్నాక జరిగింది అనర్థం. మూత వాడి చేయి జారి ఖంగుమని పడి, దొర్లుకుంటూ నాలుగు వరసలు పోయింది. పిల్ల తల్లి బిగుసుకుపోయింది. చీకట్లోంచి ఓ పెద్దాయన మూత పట్టుకుని, ఫోను వెలుగులో చదువుకుంటూ వచ్చాడు.

"ఎవరిదమ్మా ఇది? తెనాలని ఉంది. మాది చేబ్రోలు."

"మాదేనండీ బాబాయ్‌గారూ, సారీ అండీ."

"సారీ ఎందుకమ్మా, ఇలా ఇవ్వు వాణ్ణి. నువ్వు ముందు అన్నం తిను."

నన్నూ వాణ్ణీ ఎత్తుకుని ఆ చివర్నుంచి ఈ చివరికి తిప్పాడు. చల్లారిన అన్నమే అయినా, ఆ పిల్ల రెండు చేతులూ ఖాళీగా తిన్నది ఆ ఒక్కపూటే.

విమానం మంచి ఎత్తులో ఉండగా పక్కాయన చిప్స్ ప్యాకెట్టు పూరీలా ఉబ్బింది. లోపలి గాలి 6 నుంచి 8 వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచన. దిగేటప్పుడు ఆ ఉబ్బు తగ్గుతుంది, పిల్లల చెవులు దిబ్బళ్ళు పడతాయి. నిద్రలో గుటక సరిగ్గా పడదని వాడిని అరగంట ముందే లేపి, స్ట్రా కప్పుతో నీళ్ళు తాగించింది. అయినా చివర్లో ఏడ్చాడు. పక్కసీటాయన ఈసారి మొహం చిట్లించలేదు, నా మీద వేళ్ళతో తాళం వేశాడు.

డాలస్ వచ్చి వారమైంది. కారు, పుస్తకం బీరువాలో ఉన్నాయి. నేను హాల్లోనే, వాడి చేతిలో. మూతే మూడు రోజులుగా కనబడటం లేదు. నా ఊరూ తేదీ అన్నీ దాని మీదే ఉన్నాయి. ఆ ఇంటికి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, కాస్త సోఫా కింద చూడండి.